చెవుల్లో దూది

ఫిబ్రవరి 6

తమ్ముడికి,

నువ్వూ మరదలూ బాగున్నారనే అనుకుంటున్నాను. బాగోకపోతే ఈపాటికి కబురొచ్చేది. ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో ఈ సంగతి చెబితే నువ్వు నవ్వుతావు, ఆ నవ్వు నేను వినలేను. ఉత్తరం చదివి ఎంతైనా నవ్వుకో, నాకు వినపడదు.

మీ మేనల్లుడు కళ్ళజోళ్ళ దుకాణం మానేశాడు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరినవాడు, తల నెరిశాక మానేశాడు. ఆ దుకాణం కోడలి అన్నదని నీకు తెలుసు. ఎందుకు మానావురా అంటే రేడియో పెడతానన్నాడు. దానికి ఉద్యోగం మానడం దేనికి, అలమార మీద ఉంది, పెట్టుకో అన్నాను. అది కాదట. మన మేడ మీద గదిలోంచి ఊరందరికీ పాటలు పంపే స్టేషనే పెడతాడట. పోనీ ఏం పాటలు అంటే, హార్డ్ రాక్ అన్నాడు. అవి కూడా కొత్తవి కావు, పాతవే వేస్తాడట. పాతవంటే నాకూ ఇష్టమే కదా అని కాస్త ఊపిరి పీల్చుకున్నాను. ఒకటి వినిపించమన్నాను. తమ్ముడూ, తలుపు సందులో వేలు పడ్డవాడు కూడా అంతసేపు అరవడు. గిటారుకి కరెంటు పెడతారట. వీణకీ వేణువుకీ లేని అవసరం దానికెందుకొచ్చిందో. నేను గుండె పట్టుకుని కూర్చుంటే వాడు కళ్ళు మూసుకుని తలాడిస్తున్నాడు. మూర్ఛేమోనని తాళాలగుత్తి తెచ్చి చేతిలో పెట్టాను.

వాడి లెక్కేమిటంటే, ఊళ్ళో వాడి ఈడువాళ్ళంతా కుర్రతనంలో ఈ పాటల క్యాసెట్లు మంచాల కింద దాచుకున్నవాళ్ళేనట. ఇప్పుడు మెకానిక్కులు, గుమాస్తాలు, పళ్ళ డాక్టర్లు అయ్యారట. వాళ్ళకోసం ఎవరూ పాటలు వెయ్యడం లేదట. దాచుకున్నవాళ్ళు ఇప్పుడు బయటికి చెప్పుకుంటారా అన్నాను. వాడు టేపు తీసుకుని మేడ మీద గది కొలవడానికి వెళ్ళాడు.

రేడియోలకి అనుమతులిచ్చే ఆఫీసువాళ్ళు వానలు పడేదాకా నడిపి చూడమని అనుమతి ఇచ్చారు. ఆ తర్వాత ఒక ఆఫీసరు వచ్చి, ఊరివాళ్ళని హాల్లో కూర్చోబెట్టి, ఇది కావాలా వద్దా అని అడుగుతాడు. వద్దంటే మూత.

నా భయం మూత గురించి కాదు, ఆ తర్వాతి సంగతి. కోడలి అన్న వచ్చి చాలా మర్యాదగా చెప్పి వెళ్ళాడు. "అత్తయ్యా, మీరు దిగులు పడకండి. వానలు పడగానే బావ తిరిగొస్తాడు. కుర్చీ ఇంకొకరికి ఇచ్చేశాను గానీ, స్టూలు ఒకటి ఉంచుతాను." ఆ స్టూలు నేను చూశాను తమ్ముడూ. అద్దాలు తుడిచేవాళ్ళు కూర్చునేది. వీపు ఆనించడానికి లేదు. ఈ వయసులో నా కొడుకు దాని మీద కూర్చుంటే, వచ్చే పోయే వాళ్ళంతా "ఏమయ్యా, రేడియో ఎలా ఉంది" అని అడుగుతారు.

మేనమామ మాటంటే వాడికి గురి. బస్టాండులో అన్నేళ్ళు మైకు పట్టినవాడివి. నువ్వు గట్టిగా ఒక ఉత్తరం రాసి మాన్పించు. నా మోకాలు అలాగే ఉంది.

దిగులుతో,
అక్క

ఫిబ్రవరి 15

అక్కా,

నవ్వాను. మీ మరదలు వంటింట్లోంచి వచ్చి చూసి వెళ్ళింది.

నీ కొడుకు తెలివి తక్కువవాడని నేననను. మీ ఊరిని సరిగ్గా చూడలేదంటాను. మీ ఊళ్ళో పొద్దున్న వాతావరణం వింటారు, వాన పడదని చెబితే గొడుగు తీసుకెళ్తారు. రాత్రి తొమ్మిది దాటితే కుక్క కూడా గొంతు సవరించుకుని మానేస్తుంది. మీ ఎదురింటి హెడ్మాస్టరు రిటైరయ్యాక కూడా కిటికీలోంచి వీధికి "నిశ్శబ్దం" చెబుతుంటాడు. తుమ్మేముందు పక్కింటివాణ్ణి అడిగే ఊరికి హార్డ్ రాకా? జనం కొత్తది వినరు, పాతది కొనరు. వీడు పాతదాన్ని కొత్తగా అమ్ముతానంటున్నాడు.

ఇక కోడలి అన్న సంగతి. కళ్ళజోళ్ళు అమ్మేవాడికి పరాయివాడి చూపు తగ్గితేనే సంతోషం. అతని స్టూలు అతని దగ్గరే ఉండనీ.

మేనల్లుడికి వేరే ఉత్తరం రాశాను, ఘాటుగానే. మైకు ముందు కూర్చోవడం అంటే మంచం మీద కూర్చోవడం కాదని, దాని ధర్మాలేమిటో వివరంగా చెప్పాను. అది చదివాక ఆ ఆలోచన మానకపోతే నా పేరు మార్చుకుంటాను.

నువ్వు నిశ్చింతగా పడుకో.
తమ్ముడు

మార్చి 4

తమ్ముడూ,

ఏ పేరు పెట్టుకుంటావో ముందే చెప్పు, కవరు మీద రాయాలి.

నీ ఉత్తరాన్ని మేడ మీద గది గోడకి అంటించాడు. "మామయ్య శిక్షణ" అంటున్నాడు. మైకుకి జానెడు దూరంలో నోరు ఉండాలనీ, టైము రెండుసార్లు చెప్పాలనీ, ఊపిరి పీల్చుకునేటప్పుడు మొహం పక్కకి తిప్పాలనీ నువ్వే రాశావట. ఘాటుగా రాశానన్నావు. మానమన్న ముక్క ఎక్కడుందని నేనూ కళ్ళజోడు పెట్టుకుని రెండు వైపులా వెతికాను. లేదు. నిన్ను గట్టు వెయ్యమంటే కాలువ తవ్వావు.

యంత్రాలు వచ్చాయి. మేడ మీద ఇనపస్తంభం లేచింది. పిడుగు పడుతుందేమోనని ఒక భయం, పిట్టలు కూర్చుంటే వాటికేమవుతుందోనని ఇంకో భయం. ఇంట్లోకి చప్పుడు రాకూడదని గది గోడలకి పరుపులు కట్టారు. అందులో ఒకటి నాది. నేను చాప మీద పడుకుంటున్నాను. పగలంతా నా పరుపు గోడకి నిలబడి పాటలు వింటుంది.

ఇంట్లోకి రాదన్నంత మాత్రాన వీధిలోకి రాదా? రేడియో ఉన్న ప్రతి ఇంట్లోనూ ముల్లు పొరపాటున అక్కడ ఆగిందనుకో, పసిపిల్లలు ఉలిక్కిపడతారు, గుండె జబ్బువాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఆ పాపం ఎవరికి? వాడు మొదలుపెట్టేలోపే నేను బయల్దేరాను. సంచీ నిండా దూది కొనుక్కుని, మోకాలికి గుడ్డ చుట్టుకుని, గడప గడపకీ వెళ్ళాను. "అమ్మా, సోమవారం నుంచి మా వాడి గోల మొదలవుతుంది. తొంభై ఒకటి దగ్గరికి ముల్లు తిప్పకండి. తొంభై ఒకటి, మర్చిపోకండి. పక్కింటివాళ్ళు తిప్పితే ఈ దూది చెవుల్లో పెట్టుకోండి" అని చెప్పి, మనిషికి రెండు ముక్కలిచ్చాను. మన వీధీ, వెనక వీధీ, బజారూ అయ్యాయి. అందరూ బుద్ధిగా తీసుకున్నారు. టైర్ల దుకాణం అతనైతే ఆ నంబరు మళ్ళీ చెప్పించుకుని గోడ మీద సుద్దతో రాసుకున్నాడు, పొరపాటు జరక్కూడదని. అంత జాగ్రత్తపరుడు. ఎదురింటి హెడ్మాస్టరు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు.

నేనూ రెండు చెవుల్లో పెట్టుకునే రాస్తున్నాను.

అక్క

మార్చి 12

అక్కా,

నీ కొడుకు స్టేషను పెట్టకముందే నువ్వు దాని దినం పెట్టావు. నేను మాన్పించలేకపోయిన మాట నిజమే. కానీ గడప గడపకీ వెళ్ళి "మా వాడి సరుకు కొనకండి" అని చెప్పి వచ్చిన తల్లిని ఎక్కడా చూడలేదు. పళ్ళమ్మేవాడి తల్లి బండి ముందు నడుస్తూ పుచ్చినవి పుచ్చినవి అని అరిచినట్టుంది. కోడలి అన్నకి పని తప్పించావు. ఆ స్టూలు నువ్వే నెత్తిన పెట్టుకుని తెచ్చిస్తే సరిపోయేది.

ఇంకో చిక్కు. పార్కులో మా బెంచీవాళ్ళకి, మా మేనల్లుడి స్టేషను నా శిక్షణలో నడుస్తోందని చెప్పాను. చెప్పాక అది మునగడం నాకు మర్యాద కాదు. కాబట్టి ఇవాళ్టినుంచి నేను వాడి పక్షం. నీకు ముందే తెలియజేస్తున్నాను.

ఎవరైనా వింటున్నారో లేదో రాయి. దూది తీసి రాయి.

తమ్ముడు

ఏప్రిల్ 9

తమ్ముడూ,

నువ్వు ఏ పక్షమైనా నా తమ్ముడివే, అందుకని రాస్తున్నాను.

మొదటివారం ఒక్క ఫోను రాలేదు. వాడు అన్నానికి దిగొచ్చి కంచంలోకి చూస్తూ కూర్చునేవాడు. కోడలు ఎటూ తేల్చదు. ఒక పక్క మొగుడు, ఒక పక్క అన్న. నన్ను అడక్కండి అత్తయ్యా, నేను త్రాసులో ముల్లులా ఉన్నాను అంటుంది. నేనే కుట్టుపనామె ఇంటికి వెళ్ళి అక్కడినుంచి ఫోను చేశాను. గొంతు మార్చి, మీ పాటలు బాగున్నాయండీ అన్నాను. ఎవరండీ మాట్లాడేది అన్నాడు. ఏం చెప్పాలో తెలియక, నేను మీ అమ్మని కాదండీ అన్నాను. పెట్టేశాను. ఆ రోజు అన్నానికి వచ్చినప్పుడు మాత్రం నా వైపు చూసి నవ్వాడు.

ప్రకటనలు రెండు దొరికాయట. ఒకటి టైర్లది, ఇంకొకటి చెవుల డాక్టరుది. చెవుల డాక్టరు ముందుచూపు గలవాడు.

అసలు దిగులు ఇప్పుడు మొదలైంది. వీధిలో నన్ను చూడగానే జనం చెవి పట్టుకుని చూపిస్తున్నారు. కూరగాయలామె పట్టుకుంది. టైర్ల దుకాణం అతను రెండు చెవులూ పట్టుకున్నాడు. బ్యాంకు గుమాస్తా సైకిలు మీద పోతూ ఒక చెయ్యి వదిలి మరీ చెవి చూపించాడు, పడితే ఏమయ్యేది? పాపం, మొహం మాత్రం నవ్వుతూనే పెడతారు, నన్ను నొప్పించకూడదని. ఎంత మంచివాళ్ళు. దూది ఉందా అమ్మా, ఇంకాస్త ఇవ్వండి అని అడిగి తీసుకుంటున్నారు. నేను ఇంకో సంచీ కొన్నాను. హెడ్మాస్టరు పొద్దున్నే కిటికీ దగ్గర కాయితం కలం పెట్టుకుని కూర్చుంటున్నాడు. ఫిర్యాదు రాయడానికేనని కోడలు చెప్పింది.

ఊరి చెవులన్నీ నా కొడుకు మూలంగా పాడైతే ఆ ఉసురు ఎవరికి తగులుతుంది?

నిద్ర లేక,
అక్క

ఏప్రిల్ 20

అక్కా,

మేనల్లుడికి ఫోను చేశాను. స్టేషను ఎలా ఉందిరా అంటే, "అంతా దూది చలవ మామయ్యా, దూదే మమ్మల్ని నిలబెడుతోంది" అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోతే పాట అయిపోయిందని పరిగెత్తాడు. ఏమిటక్కా ఇది? రేడియో మూసేసి దూది కొట్టు పెట్టాడా? నేను బెంచీ మీద చెప్పుకున్నది రేడియో గురించి. దూది వ్యాపారంలో నా శిక్షణ ఏముంది?

వెంటనే జవాబు రాయి. బెంచీవాళ్ళు అడుగుతున్నారు.

తమ్ముడు

మే 14

తమ్ముడూ,

కొట్టూ లేదు గిట్టూ లేదు. దూది పంచేది నేను, అదీ ఊరికే. నువ్వు ఎకసెక్కాలాడే సమయం కాదిది.

ఆఫీసరు వచ్చేనెల మొదట్లో వస్తున్నాడు. నిన్న కోడలి అన్న వచ్చాడు. ఈమాటు ఇంకా మర్యాదగా ఉన్నాడు. ఊళ్ళో ఒక్కరూ వినడం లేదు అత్తయ్యా, బావ పరువు పోకముందే ఆపించాలి, మీరు హాల్లో లేచి ఇంట్లో భరించలేకపోతున్నాం అంటే చాలు, తల్లి మాట ఆఫీసరు కాదనడు అన్నాడు. నేను ఒప్పుకుంటే స్టూలు కాకుండా కుర్చీయే ఇస్తాడట. చేతులున్న కుర్చీ.

నేను ఒప్పుకున్నాను. కుర్చీ కోసం కాదు, ఆ చెవులు చూడలేక. నిన్న కుట్టుపనామె కూడా చెవి చూపించింది. బంగారం లాంటి మనిషి. రేపు ఊరివాళ్ళే లేచి తిట్టిపోస్తే వాడు తట్టుకోలేడు. అమ్మ తిడితే వాడికి అలవాటే.

వాడికి చెప్పలేదు. నువ్వు చెప్పకు.

అక్క

మే 20

అక్కా,

చెప్పను. కానీ నువ్వు ఆ హాల్లో లేచావంటే నీ తమ్ముడు చచ్చాడనుకో. కన్నకొడుకుని నలుగురిలో నిలబెట్టి ముంచడానికి నీకు చేతులెలా వస్తాయి? వినకుండా తీర్పు చెప్పడం కోడలి అన్నకి చెల్లింది, నీకేం వచ్చింది? ఒక్కసారైనా విన్నావా?

తమ్ముడు (ఇంకా బతికే ఉన్నాను)

జూన్ 3

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. అయినా లేచాను. నువ్వు నిండు నూరేళ్ళు ఉండాలి. జరిగింది జరిగినట్టు రాస్తాను, నవ్వితే నవ్వు.

హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక కిటికీల్లో కూర్చున్నారు. ఊరంతా కలిసి తిట్టడానికే వచ్చిందనుకుని గోడవారగా నక్కాను. వాడు ముందువరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు, బడిలో తప్పు చేసి దొరికిన పిల్లాడిలా. నేను సంగతులు వినపడ్డానికి ఒక చెవిలో దూది తీశాను.

ముందు హెడ్మాస్టరు లేచాడు. మంగళవారం పొద్దున్న డప్పులు ఎక్కువుండే పాటలో చివరి భాగం కోసేసి వాతావరణం చదివారని, ఇది వినేవాళ్ళని అవమానించడమని అన్నాడు. బుధవారం కూడా అంతేనట. గిటారువాడు మెట్లెక్కి పైకి వెళ్తుంటే మధ్యలో టైర్ల ప్రకటన వేశారట, మనిషి అక్కడే వేలాడుతున్నాడట. కాయితం చూసి చదివాడు, టైములతో సహా. తర్వాత టైర్ల దుకాణం అతను లేచి, ఆదివారం ఆలస్యంగా మొదలుపెడుతున్నారు, పని సాగడం లేదన్నాడు. కుట్టుపనామె లేచి, నా మిషను ఆ పాటల వేగానికి అలవాటు పడింది, మధ్యలో చెవుల డాక్టరు మాట్లాడితే కుట్టు వంకర పోతోందంది. చెవుల డాక్టరు లేచి, మాట్లాడేది నేను కాదు, నా పేరు పెట్టుకుని ఎవరో మాట్లాడుతున్నారన్నాడు. ఇలా ఒకరి తర్వాత ఒకరు. బాగుందని ఒక్కడూ అనలేదు. అంటే పరువు పోదూ.

ఆఫీసరు కలం కింద పెట్టి, అయితే మూసెయ్యమంటారా అని అడిగాడు. అందరూ హెడ్మాస్టరు వైపు తిరిగారు. హెడ్మాస్టరే అన్నాడు, "మూయమని ఎవరన్నారు? సరిగ్గా నడపమంటున్నాం."

అప్పుడు కోడలి అన్న లేచాడు. దీన్ని ఊళ్ళో ఎవరూ వినరండీ అన్నాడు. మీరు విన్నారా అని అడిగాడు ఆఫీసరు. నేనా, ముల్లు అటువైపు తిప్పితే ఒట్టు అన్నాడు గర్వంగా. మరి ఎవరూ వినరని మీకెలా తెలుసు అన్నాడు ఆఫీసరు. కోడలి అన్న కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. కూర్చుంటూనే, ఇంటావిడని అడగండి, ఆవిడే చెబుతారు అని నా వైపు చెయ్యి చూపించాడు.

లేచాను. నేను లేవగానే హాల్లో ఉన్నవాళ్ళంతా, కిటికీల్లో ఉన్నవాళ్ళతో సహా, చెవులు పట్టుకున్నారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. "చూశారా బాబూ, అందరి చెవులూ ఎలా నొప్పి పెడుతున్నాయో. మా వాడు మంచివాడే, పాటలే మంచివి కావు. మూసెయ్యండి" అన్నాను.

ఆఫీసరు మెల్లగా అడిగాడు, "మీరెప్పుడైనా విన్నారా అమ్మా?"

"లేదు బాబూ. నాకు దూది ఉంది" అన్నాను, తీసి చూపించాను.

ఆ నవ్వుకి హాలు పైకప్పు లేచిపోతుందనుకున్నాను. ఊళ్ళో ఆ రేడియో విననిది ఇద్దరమే అని తేలింది, కోడలి అన్నా నేనూ. మాకిద్దరికీ పోలిక దొరికిందే అని సిగ్గుతో చచ్చాను. తర్వాత ఆఫీసరే చెప్పాడు. కారులో వస్తూ విన్నాడట. వాడు రోజూ మొదలుపెట్టగానే, టైము రెండుసార్లు చెప్పి, "మా అమ్మ ఇచ్చిన దూది తీసి పక్కన పెట్టండి" అంటాడట. ఊళ్ళో దాన్ని దూది రేడియో అంటారట. వీధిలో చెవి పట్టుకుంటే అర్థం, వింటున్నాం అని. ఇన్నాళ్ళూ నేను నొప్పి అనుకుని మందు పంచుతున్నాను.

స్టేషను ఉండొచ్చని ఆఫీసరు అక్కడే సంతకం చేశాడు.

ఇంటికొచ్చి వాడితో మాట్లాడలేదు. ఊరంతటినీ నవ్వించడానికి తల్లే దొరికిందా అని కోడలితో అనిపించాను. వాడు నా చాప పక్కన వచ్చి కూర్చున్నాడు. "నువ్వు గడప గడపకీ తిరక్కపోతే ఆ నంబరు ఎవడికి తెలిసేదమ్మా? నేను అచ్చేసి పంచిన కాయితాలతో కూరగాయలామె పొట్లాలు కట్టింది" అన్నాడు. నువ్వు హాల్లో అన్నదానికి నాకేం కోపం లేదు అని కూడా అన్నాడు. కోపం నాకుందిరా అన్నాను.

కోడలి అన్న నిన్న వచ్చాడు. కళ్ళజోళ్ళ ప్రకటన వేయించాలట. మేడ మీద గదిలో కుర్చీలు ఖాళీ లేవు. ఉన్న స్టూలు మీద కూర్చుని రాసిచ్చాడు. వీపు ఆనుకోవడానికి వెనక్కి వెతుక్కోవడం నేను చూశాను. మజ్జిగ ఇచ్చాను, మర్యాదగానే.

ఇక నిలబడింది కదా, ఎప్పుడు పడుతుందోనని భయంగా ఉంది. ఇదివరకు పడేది ఒక గది. ఇప్పుడు పడితే ఊరంతా చూస్తుంది. వానలు మొదలయ్యాయి, ఇనపస్తంభం మాట ఎవరూ పట్టించుకోరు.

అక్క

జూన్ 14

అక్కా,

బెంచీ మీద నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను, నా శిక్షణ ముక్క రెండుసార్లు. ఇప్పుడైనా విన్నావా? ఎలా ఉంది? ఒక్కమాట రాయి చాలు.

తమ్ముడు

జూన్ 22

తమ్ముడూ,

ఒక చెవిలో దూది ఉంచుకుని, రెండో చెవితో విన్నాను. మొదటిరోజు ఎవరో బిందెలు దొర్లించినట్టుంది. రెండోరోజు ఆ దొర్లించడంలో ఒక వరస ఉందనిపించింది. తలేమీ ఆడించలేదు, ఆడించానని వీడు చెబితే నమ్మకు. మోకాలు ఆడింది, అది దాని జబ్బు.

వాడి మాట నీ మాటలాగే ఉంది. బస్సు వస్తోందేమోనని లేచి నిలబడ్డాను.

నిన్న మధ్యాహ్నం ఒకడు ఏదో పోగొట్టుకున్నవాడిలా ఏడుస్తూ పాడుతున్నాడు. ఏమైందో ఏమో పాపం, దొరుకుతుందేమోనని కూర్చున్నాను. ఇంకా దొరకనే లేదు, వీడు మధ్యలో ఆపేసి కళ్ళజోళ్ళ ప్రకటన వేశాడు. హెడ్మాస్టరు చెప్పింది అక్షరాలా నిజం. మేడెక్కి వెళ్ళి, ఆ మనిషి సంగతి తేల్చకుండా ఎలా ఆపుతావురా అని అడిగాను. ఏదైనా ఉంటే అందరిలాగే ఫిర్యాదు ఇచ్చుకోమన్నాడు.

ఇచ్చాను. నీ దగ్గర పాత పరుపు ఉంటే పంపు.

అక్క